గుల్మార్గ్‌ను కరువు మండలంగా ప్రకటించాలి

గుల్మార్గ్‌ను వెంటనే కరువు మండలంగా ప్రకటించాలనీ, ఆ తంతు ఎలా జరపాలో నేర్పడానికి పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి ఒక నిపుణుల బృందాన్ని ప్రభుత్వ ఖర్చుతో కశ్మీరు పంపాలనీ సవినయంగా కోరుతున్నాను. ఇందులో ఎకసెక్కం ఏమీ లేదు. కోనసీమకు కొబ్బరి, గుంటూరుకు మిర్చి, మాకు కరువు. ఎవరి దగ్గర ఏ సరుకుంటే వాళ్ళు అది పంచాలి.

విషయం మీకు తెలిసే ఉంటుంది. 2023 డిసెంబరులో జమ్మూకశ్మీర్‌లో వాన, మంచు కలిపి కురవాల్సిన దానికంటే 79 శాతం తక్కువ కురిశాయి. డిసెంబరు 21న మొదలై నలభై రోజులుండే కటిక చలిని అక్కడివాళ్ళు చిల్లై కలాన్ అంటారు. ఏడాదికి సరిపడా మంచు గట్టిగా పేరుకోవాల్సింది ఆ రోజుల్లోనే. 2024లో ఆ గడువు దాదాపు అయిపోయేదాకా, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్‌లో స్కీయింగ్ చేసే వాలు మీద ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. జనవరి ఆఖరుకు గానీ మంచు దయ చూపలేదు. పోనీ ఒక్క ఏడాదే కదా అనుకుంటే, 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడి మార్చి 9న మొదలయ్యాయి. వానొచ్చి క్రికెట్ మ్యాచ్ ఆగడం చూశాం. ఎండ కాసి ఆటలు ఆగడం ఇదే చూడటం.

ఈ విపత్తులో అందరికంటే ఎక్కువ నష్టపోయింది మనవాళ్ళే. కనీసం మనవాళ్ళ అభిప్రాయం అది. ఆరు రోజుల ప్యాకేజీ, విమానం టికెట్లు, ఇంటిల్లిపాదికీ మంకీ టోపీలు, దారిలో తంగ్‌మార్గ్‌లో అద్దెకు తీసుకున్న పొడుగు కోట్లు, గంబూట్లు. ఇన్ని తగిలించుకుని కేబుల్ కారెక్కితే కింద కనిపించింది గోధుమరంగు నేల. దేవరకొండ వైపు నుంచి వెళ్ళొచ్చిన ఒక పెద్దమనిషి తన ఆవేదన ఇలా చెప్పుకున్నాడు: "గడ్డి సూడనీకి గంత దూరం పోవుడెందుకు సార్? మా గుట్టలకేమైంది?" ఆయన డిమాండ్ కూడా న్యాయమైనదే. మంచు కోసం కట్టిన పైసలు వాపస్ ఇవ్వాలట. ఎవరిస్తారో మాత్రం ఆయన తేల్చలేదు.

నేరం ఎవరిదో వాతావరణ శాఖ తేల్చింది. మధ్యధరా సముద్రం దిక్కు నుంచి ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్తాన్ మీదుగా తేమ మోసుకొచ్చే గాలులున్నాయి. వెస్టర్న్ డిస్టర్బెన్సులంటారు. వీసా, పాస్‌పోర్టు లేకుండా ఇన్ని సరిహద్దులు దాటి వచ్చి హిమాలయాలకు మంచునిచ్చేవి ఇవే. 2023-24 చలికాలంలో అవి సరిగా రాలేదు, వచ్చినవీ బలహీనంగా వచ్చాయి. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలను దెబ్బతీసే ఎల్‌నినో కూడా ఉన్న ఏడాది అది. ఎల్‌నినో మాకు కొత్త కాదు. మృగశిర కార్తె వెళ్ళినా మొగులు వైపు చూస్తూ కూర్చునే రైతును అడగండి, ఏ ఏడు వచ్చిందో ఏ ఏడు రాలేదో చెప్తాడు.

అందుకే అంటున్నాను, కరువును గుర్తుపట్టడంలో మేం సీనియర్లం. అది తెల్లరంగులో వచ్చినా పట్టేస్తాం. మంచు అంటే ఫోటో దిగే వస్తువని టూరిస్టు అనుకుంటాడు గానీ, అది కొండ మీద కట్టిన చెరువు. చలికాలంలో నిండి, ఎండాకాలంలో మెల్లగా కరుగుతూ జీలం నదికీ, ఊటలకూ, వరి మళ్ళకూ నీళ్ళు వదులుతుంది. చెరువు నిండకపోతే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లా అచ్ఛబల్ చూపించింది. మొఘలుల కాలం నుంచి తోటను తడిపిన ఊట ఎండిపోయింది. ఇక ఆపిల్ చెట్టుకు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి, లేకపోతే పూత కుదరదు. మా బత్తాయి రైతు పూత కోసం నీళ్ళు ఆపేసి చెట్టును బెట్టకు వదిలినట్టే, ఆపిల్‌కు చలి. తేడా ఏమిటంటే బెట్ట రైతు చేతిలో ఉంటుంది, చలి ఎవరి చేతిలోనూ లేదు.

మా బృందం చేసే పనులు చాలా ఉన్నాయి. ముందు ఆధ్యాత్మిక విభాగం. అక్కడ మసీదుల్లో ఇప్పటికే వాన నమాజులు చేశారు, కాబట్టి వాళ్ళకు ప్రాథమిక అవగాహన ఉంది. మేం కప్పతల్లి ఆట నేర్పుతాం. వానకైతే విరాటపర్వం చదివిస్తాం. మంచుకు ఏ పర్వమన్నది పండితులు చెప్పాలి. హిమాలయాలున్నాయి కదా అని మహాప్రస్థానిక పర్వం ఎత్తుకుంటే ప్రమాదం. మంచు పడకపోగా చదివేవాళ్ళు ఒక్కొక్కరే పడిపోవచ్చు.

తర్వాత కేంద్ర బృందం రాక. ఇది శాస్త్రం. ఖరీఫ్ ఎండితే సంక్రాంతి దాటాక వచ్చి, రోడ్డు పక్క చేనులో కారు దిగి, ఒక రైతు భుజం మీద చెయ్యేసి, గొడుగు కింద నుంచి విచారం తెలపాలి. గుల్మార్గ్‌కైతే ఏప్రిల్‌లో రావడం పద్ధతి. శ్రీనగర్‌లో ట్యులిప్ తోట విరగబూసి ఉంటుంది. చూసి, పరిస్థితి పచ్చగానే ఉందని నివేదిక రాయొచ్చు.

శాశ్వత పరిష్కారంగా మంచు ఎత్తిపోతల పథకం. మిషన్లతో మంచు చేసే పద్ధతి ఐరోపాలో ఉందట గానీ, దానికీ నీళ్ళు కావాలి, చలి కావాలి. మా పద్ధతికి శిలాఫలకం ఒక్కటే చాలు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో కరివెనలో శంకుస్థాపన చేస్తే, 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర ఒక పంపు తిరిగింది. ఓపికకు కూడా శిక్షణ ఇస్తాం.

వలస సంగతి మాత్రం నేర్పక్కర్లేదేమో. మాకు ముంబయి బస్సు ఉన్నట్టే, వాళ్ళలో కొందరు చలికాలం రాగానే శాలువాల మూటలతో మన వీధుల్లో కనిపిస్తారు. గుల్మార్గ్‌లో టూరిస్టును కూర్చోబెట్టి చెక్కబండి లాగే మనిషికి మంచు లేని రోజు కూలి లేదు. గుర్రం వాడిదీ అదే కథ, పైగా గుర్రానికి మేత. వీళ్ళు అందరూ మూట కట్టుకుని ఇటొస్తే కొనేవాళ్ళుంటారా అంటే, ఉంటారు. పద్నాలుగు డిగ్రీలకే 'చలి పంజా' అని పేపర్లు పెద్దక్షరాలు పెట్టే జిల్లాలు మావి. ఆ చలీ తగ్గినా ఢోకా లేదు. మా దగ్గర శాలువాకు చలితో పని లేదు, సన్మానాలతోనే పని.

బృందంలో చేరడానికి మాజీ ప్రజాప్రతినిధులు, రిటైరైన అధికారులు, ఇద్దరు ముగ్గురు కవులు ఇప్పటికే ముందుకొచ్చారు. అందరూ సతీసమేతంగానే బయల్దేరతారట. సేవాభావం చూసి సంతోషించాను. అందరిదీ ఒకే షరతు. మంచు బాగా పడే వారం చూసి పంపాలట.