గైడ్ ‘ఇక్కడే ఆగుదాం’ అంటే మొహం మాడ్చుకోకండి

మొన్న ఒక ఫ్రెండ్ వీడియో పంపింది. తను కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, కూర్చుని ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక సీల్, అదే నీటిలోనూ రాళ్ల మీదా బతికే సముద్ర జంతువు. కింద ‘ఎంత ముద్దుగా నా వైపే చూస్తోందో!’ అని రాసింది. నేను మూడుసార్లు చూశాను. అది ముద్దుగా చూడటం కాదు, బిగుసుకుపోయి చూడటం. వెనక రాతి మీద ఇంకో పది సీల్స్ ఉన్నాయి. పదీ తలలెత్తి ఉన్నాయి. కాసేపటికి ఒకటి నీళ్లలోకి జారింది, దాని వెనకే ఇంకో రెండు. అక్కడ వీడియో కట్ చేసేసి గుండె బొమ్మ పెట్టేసింది.

ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు తెలియదు. కానీ వీడియోలో ఇంకో గొంతు వినిపిస్తోంది. ‘ఇంకొంచెం ముందుకు రండి, ఫొటో బాగా వస్తుంది.’ ఆ గొంతు గైడ్‌ది. డబ్బు తీసుకుని, తెలిసినవాణ్ణని చెప్పుకుని, పదిమందిని వెంటేసుకుని వెళ్లిన మనిషిది. ఈ పోస్ట్ అంతా ఆ ఒక్క వాక్యం మీదే.

నేనేదో పుట్టుకతోనే తెలివిమీరిపోయానని కాదు. నా మొదటి ట్రిప్‌లో నేనూ అదే పని చేశాను. ఇద్దరు కూర్చునే కయాక్, ముందు సీటు నాది. నీళ్లు బాగా వెనక్కి వెళ్లిన సమయం. తేలిన రాళ్ల మీద హార్బర్ సీల్స్ (సీల్స్‌లో ఒక రకం), ఒక ముప్ఫై దాకా. మా గైడ్ గుసగుసగా ‘చప్పుడు చేయకండి, మనం వచ్చినట్టు వాటికి తెలియదు’ అన్నాడు. ఆహా, ఎంత ప్రకృతి ప్రేమికులం మనం అనుకున్నాను. తెడ్లు ఎత్తి పట్టుకుని, నీటివాలుకే కొట్టుకుపోతూ రాయి మలుపు తిరిగాం. ఒక తల లేచింది. మరుక్షణంలో అన్నీ లేచాయి. తర్వాత వచ్చిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తడిసిన బస్తాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు, మొత్తం మంద నీళ్లలోకి దొర్లిపోయింది. అర నిమిషంలో రాయి ఖాళీ.

పూర్తిగా ఖాళీ కాదు. ఒక పిల్ల మిగిలిపోయింది. హార్బర్ సీల్ పిల్ల తల్లిని పిలిచే కూత ‘మా...’ అన్నట్టే ఉంటుంది. ఇది నేను కవిత్వం కోసం కల్పించింది కాదు, ఎవరైనా విని చూడండి. గైడ్ మాత్రం ‘చూశారా, ఎంత దగ్గరికి వచ్చామో!’ అని తెగ సంబరపడి కయాక్ తిప్పేశాడు. తల్లి తిరిగొచ్చిందో లేదో చూసే ఓపిక మాలో ఎవరికీ లేదు. తర్వాతి రాళ్ల దగ్గరికి వెళ్లాలి కదా.

తర్వాత కూర్చుని చదివితే గానీ ఆ ఖాళీ రాయి విలువ తెలియలేదు. హార్బర్ సీల్ పిల్లకు తల్లి పాలు దొరికేది నాలుగైదు వారాలే. అంతలోనే దాని బరువు రెట్టింపు దాటాలి. రాతి మీద అవి బద్ధకంగా పడుకున్నాయని మనం నవ్వుకుంటాం గానీ, పిల్లకు పాలివ్వడం, ఒంటి వేడి కాపాడుకోవడం, పాత బొచ్చు రాల్చి కొత్తది తెచ్చుకోవడం, అన్నీ అక్కడే జరగాలి. ఆటు పోటుల మధ్య రాయి తేలి ఉండేదే కొన్ని గంటలు. ఆ గంటల్లోనే మన టూర్ టైమింగ్స్ కూడా. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్. మనం ఒక్కసారే వెళ్లాం అనుకుంటాం. ఆ సీల్‌కి మనం ఆ వారంలో ఎన్నో గుంపులం.

ఇక ఈ టూర్ల వాళ్లందరి నోటా వినిపించే మాట ఒకటుంది: ‘కయాక్‌కి ఇంజిన్ ఉండదు, చప్పుడు ఉండదు, కాబట్టి జంతువులకు ఇబ్బంది లేదు.’ వినడానికి బాగుంటుంది. కానీ అసలు కయాక్ ఎందుకు పుట్టింది? ఆర్కిటిక్ తీరాల్లో ఇనూయిట్ లాంటి జనం కొట్టుకొచ్చిన చెక్కతో, ఎముకతో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు బిగించి చేసుకున్న వేట పడవ అది. సీల్‌కి తెలియకుండా సీల్ దగ్గరికి చేరడానికే దాన్ని అంత సన్నగా, అంత కిందకి, అంత నిశ్శబ్దంగా చేశారు. వాళ్లకు అది బతుకు, తప్పు పట్టేదేమీ లేదు. కానీ అదే పడవలో అదే పద్ధతిలో పాక్కుంటూ వెళ్లి ‘మేము హాని చేయం’ అని మనం అనుకుంటే సరిపోతుందా? సీల్‌కి మన మనసులో మాట ఎలా తెలుస్తుంది?

మోటారు బోటు మంచిదని కాదు నా ఉద్దేశం, దాని గొడవ దానికుంది. కానీ బోటు వస్తోందని దూరం నుంచే వినిపిస్తుంది, చాలావరకు ఒకే దారిన పోతుంది, లోతులేని చోటికి రాలేదు. కయాక్ సరిగ్గా అవి దాక్కునే చోటికే వస్తుంది: రాళ్ల సందుల్లోకి, మోకాలి లోతు నీళ్లలోకి. ఒక్కసారిగా మలుపులో ప్రత్యక్షమవుతుంది. సీల్స్‌ని గమనించిన పరిశోధకులు కొన్నిచోట్ల మోటారు బోట్ల కంటే కయాక్‌లకే అవి ఎక్కువగా బెదిరిపోవడం చూశారు.

సీ ఓటర్ల సంగతి ఇంకా సున్నితం. సముద్రపు నీటికుక్కలన్నమాట. మిగతా సముద్ర క్షీరదాలకు ఉన్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు. చలి నుంచి కాపాడేది బొచ్చే, చదరపు అంగుళానికి 10 లక్షల దాకా వెంట్రుకలు. ఆ బొచ్చు కోసమే మనుషులు వీటిని దాదాపు తుడిచిపెట్టారు. 1938లో కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్ దగ్గర 50 దాకా మిగిలిన చిన్న గుంపు లోకం కంటపడింది. ఈ రోజు కాలిఫోర్నియాలో ఉన్న సుమారు 3,000 ఆ గుంపు సంతతే. ఒంటి వేడి నిలబెట్టుకోవడానికి ఇవి రోజూ తమ బరువులో నాలుగో వంతు తినాలి. అలాంటి జీవి వెల్లకిలా పడుకుని కునుకు తీస్తుంటే మనం వెళ్లి లేపితే, అది మునిగి ఈది ఖర్చుపెట్టిన శక్తికి మళ్లీ తిండి వెతుక్కోవాలి. కనీసం ఐదు కయాక్‌లు వరసగా పెట్టినంత, అంటే 18 మీటర్లకు పైగా, దూరం ఉంచమని అక్కడ చెప్పేది ఇందుకే.

నా రెండో ట్రిప్ కథ ఇక్కడ చెప్పాలి, లేకపోతే గైడ్లందరినీ తిడుతున్నాననుకుంటారు. ఈసారి గైడ్ ఒకావిడ. బయల్దేరే ముందు ఒడ్డు దగ్గర, నడుంలోతు నీళ్లలో, మా ఒక్కొక్కరినీ కయాక్‌తో సహా బోల్తా కొట్టించింది. కొందరు సణిగారు, నేను కూడా. బయట ఎండగా ఉంటే ఈ దళసరి వెట్‌సూట్ ఎందుకని ఒకాయన అడిగితే, ‘మీరు పడేది గాలిలో కాదండీ, నీళ్లలో’ అంది. చన్నీళ్లలో పడ్డవాడికి ఒక లెక్క చెబుతారట, 1-10-1 అని. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు చెప్పినట్టు వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పేలోపు 1 గంట. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి గురించి కూడా అప్పుడే విన్నాను. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, మురిసిపోయి లోపలికి వెళ్తాం, తిరిగి రావాలంటే గాలికి ఎదురు లాగాలి. అక్కడ తెలుస్తుంది భుజాల సంగతి.

కెల్ప్ దగ్గరికి చేరాక ఆమె మమ్మల్నందరినీ పక్కపక్కన చేర్చి, ఒకరి కయాక్ ఒకరు పట్టుకోమంది. నీళ్ల మీద తేలుతున్న ఆ సముద్రపు నాచు పట్టీ ఒకటి లాగి నా కయాక్ మీద అడ్డంగా వేసింది. అంతే, లంగరు వేసినట్టు ఆగిపోయాం. దూరంగా ఒక సీ ఓటర్ కూడా అదే నాచును ఒంటికి చుట్టుకుని తేలుతోంది. దాని గుండెల మీద రాయి, చేతిలో గుల్ల. టక్, టక్, టక్. గాలి ఆగినప్పుడల్లా ఆ చప్పుడు మా దాకా వచ్చింది. దాదాపు ఇరవై నిమిషాలు ఉన్నాం. అది మమ్మల్ని పట్టించుకోనేలేదు. వెనక సీటాయన ‘ఇంకొంచెం దగ్గరికి వెళ్దామండీ’ అన్నాడు. ఆమె నవ్వి, ‘అది డ్యూటీలో ఉంది, మనం సెలవులో ఉన్నాం’ అంది. ఆయన మొహం మాడింది. నా ఫోన్‌లో దాని ఫొటో ఒక చుక్కలా ఉంది. బైనాక్యులర్స్ ఇచ్చారు కాబట్టి చూపుకి మాత్రం లోటు రాలేదు.

‘మరి జంతువే మన దగ్గరికి వస్తే?’ అంటారు. వస్తాయి. అప్పుడు తెడ్డు ఆపి, చేతులు లోపల పెట్టుకుని ఊరుకోవాలి, అంతే. దాన్ని మచ్చిక చేసుకుంటే బిల్లు కట్టేది అదే. 2023 వేసవిలో కాలిఫోర్నియాలోని శాంటా క్రజ్‌లో 841 నంబరు ట్యాగ్ ఉన్న సీ ఓటర్ సర్ఫర్ల బోర్డులు ఎక్కి కొరుకుతుంటే నెట్ అంతా పడీపడీ నవ్వింది. మనుషులంటే బెదురు పోయిన జంతువు ప్రమాదమని అధికారులు దాన్ని పట్టుకోవడానికి వారాల తరబడి తిరిగారు. అది దొరకలేదు, అదృష్టం. ఫ్రేయా అనే వాల్రస్‌కి (పొడవాటి దంతాలుండే భారీ సముద్ర జంతువు) ఆ అదృష్టం కూడా లేదు. నార్వేలో ఓస్లో ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో పడవలెక్కి కూర్చున్న ఆ వాల్రస్‌కి దూరంగా ఉండమని నార్వే అధికారులు ఎంత మొత్తుకున్నా జనం వినలేదు. పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. 2022 ఆగస్టులో, జనానికి ప్రమాదమని అధికారులే దాన్ని చంపేశారు. మాట వినంది మనుషులు, ప్రాణం పోయింది దానిది.

తిమింగలాల దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది, అక్కడ మన ప్రాణం కూడా పందెంలో ఉంటుంది. 2020 నవంబరులో కాలిఫోర్నియా అవీలా బీచ్ దగ్గర ఒక హంప్‌బ్యాక్ తిమింగలం కింద నుంచి నోరు తెరుచుకుని లేచి, ఇద్దరు ఆడవాళ్లున్న కయాక్‌ని బోల్తా కొట్టించింది. ఇద్దరూ బతికారు. అది వాళ్లను తిందామని రాలేదు, దాని గొంతులో మనిషి పట్టడు కూడా. చుట్టూ చిన్నచేపలు గుంపుగా ఎగురుతున్నాయంటే, పక్షులు వచ్చి పడుతున్నాయంటే, కింద నుంచి ఎవరో భోజనానికి వస్తున్నారని అర్థం. గైడ్ అన్నవాడు అది చూసిన క్షణంలో అందరినీ పక్కకు తప్పించాలి. చాలాచోట్ల 100 గజాలు దూరం అనేది ఊరికే పెట్టింది కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అంతరించిపోతున్న సదరన్ రెసిడెంట్ అనే గుంపు ఓర్కాలకైతే (కిల్లర్ వేల్స్ అనేవి ఇవే) 2025 నుంచి 1,000 గజాలు, దాదాపు కిలోమీటరు. కయాక్‌కి మినహాయింపు లేదు.

‘ఇన్ని రూల్స్ పెట్టుకుంటే ఇక వెళ్లడమెందుకు, ఇంట్లో కూర్చుని టీవీ చూస్తే పోలా’ అని ఎవరో కామెంట్ పెడతారు, తెలుసు. వెళ్లండి బాబూ. ఆ టక్ టక్ టీవీలో వినడం వేరు, చల్లటి నీటి మీద ఊగుతూ వినడం వేరు. బుక్ చేసే ముందు మాత్రం ఒక్కటే అడగండి: ‘జంతువులకు ఎంత దూరంలో ఆపుతారు?’ తడుముకోకుండా అంకె చెప్పేవాడు పని తెలిసినవాడు. ‘మీకెంత దగ్గర కావాలంటే అంత’ అనేవాడి దగ్గర లైఫ్ జాకెట్ బకిల్స్ కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సీల్ దగ్గర అడ్డదారి తొక్కేవాడు మీ దగ్గర పద్ధతిగా ఉంటాడని నాకు నమ్మకం లేదు.

ఇదంతా మా ఫ్రెండ్‌కి రాసి పంపితే ‘నువ్వు ప్రతిదాంట్లో సరదా తీసేస్తావు’ అంది. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న రాత్రి ఒక స్క్రీన్‌షాట్ పంపింది. వచ్చే నెలకి బుక్ చేసుకున్న ఇంకో టూర్ వాళ్లను ఆ ప్రశ్న అడిగిందట. వాళ్ల జవాబు: ‘దూరం గురించి వర్రీ అవకండి మేడమ్, లాస్ట్ వీక్ ఒకావిడ ముట్టుకుంది కూడా.’

క్యాన్సిల్ చేసిందట. అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేది లేదని వాళ్లు, ఎందుకివ్వరని ఈమె, ఇంకా నడుస్తోంది.