మూఢాల్లో తాళం పడే హాళ్లే మన కళావేదికలు

అక్టోబరు దాటిందంటే హైదరాబాద్‌లో ఈవెంట్ల సీజన్ మొదలైనట్టే. టికెట్ యాప్‌లు పోస్టర్లతో నిండిపోతాయి, సంక్రాంతి దాకా ప్రతి వారాంతం ఏదో ఒక పెద్ద షో. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే షోలు, ఆ వెంటనే ప్రధాని ‘కన్సర్ట్ ఎకానమీ’ మాట ఎత్తడం తెలిసిందే. అప్పటి నుంచి మన దగ్గరా ఒకటే కోరిక వినిపిస్తోంది: ఇరవై వేల మంది పట్టే అరీనా కట్టాలి.

కట్టినా ఈ నగరంలోని పాటకు, నాటకానికి ఒరిగేది చాలా తక్కువ. మనకు విరిగిపోయింది నిచ్చెనలో నడిమి మెట్టు. పైన స్టేడియాలు, హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్, విమానాశ్రయం దగ్గర జీఎంఆర్ అరీనా ఉన్నాయి. కింద పబ్బుల్లో పళ్లాల చప్పుడు మధ్య పాడే బ్యాండ్లు ఉన్నాయి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి టీ, సమోసాలతో, చవక టికెట్లతో నిలబడ్డ చిన్న సాంస్కృతిక వేదిక లామకాన్ ఉంది. వంద మందిని మెప్పించిన గాయని తర్వాత ఐదు వందల మంది ముందుకు వెళ్లాలి. ఎక్కడికి వెళ్తుంది? 1961 నాటి రవీంద్రభారతి ఒకటి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఒకటి. శిల్పకళావేదికలో రెండున్నర వేల సీట్లు. కొత్తవాళ్లకు అది నింపలేని బావి. ఉన్న ఆ రెండు మూడు హాళ్ల తేదీలనూ నాటకాలు, కచేరీలు, శాలువాల సన్మానాలు పంచుకోవాలి.

ఆ నడిమి మెట్టు ఎప్పుడో కట్టేసి ఉంది. నాగోల్ నుంచి కొంపల్లి దాకా, అత్తాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా వందల సంఖ్యలో ఉంది. పేరు ఫంక్షన్ హాల్. ఐదు వందల నుంచి వెయ్యి కుర్చీలు, ఏసీ, జనరేటర్, పార్కింగ్, వంటశాల, చేతులు కడుక్కునే చోటు అన్నీ ఉంటాయి. ముహూర్తం ఉన్న రోజు దాని అద్దె వింటే కళ్లు తిరుగుతాయి, లేని రోజు గేటుకు తాళం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ హాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఆ తాళం ఏ నెలల్లో పడుతుందో పంచాంగం చూస్తే తెలిసిపోతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. ఇవి కాక మూఢాలు: గురు మూఢం వస్తే సుమారు నెల, శుక్ర మూఢం పెద్దది పడితే రెండు నెలలు దాటుతుంది. ఇప్పుడు ఈవెంట్ల క్యాలెండర్ తెచ్చి పక్కన పెట్టండి. ధనుర్మాసం, పుష్యం అంటే డిసెంబరు, జనవరి. సంగీతానికి అసలైన సీజన్. ఆషాఢం అంటే వానాకాలం. మైదానంలో స్టేజీ వేయలేని రోజులు. పెళ్లికి పనికిరాని నెలలే కచేరీకి సరిగ్గా పనికొచ్చే నెలలు! (పాతబస్తీ హాళ్ల లెక్క వేరు. అక్కడ ఖాళీ నెలలు ముహర్రం, రంజాన్. ఆ రోజుల్లో పాట పెట్టమనడం సబబు కాదు కనుక వాటిని ఈ వాదనలోకి తేవడం లేదు.)

చెన్నైని చూడండి. అక్కడ మార్గళిలో పెళ్లిళ్లు చేయరు. 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీ మొదలు గల్లీ సంగీత సభల దాకా ఊరంతా కచేరీలు జరిగేది ఆ నెలలోనే. అక్కడ పాడే త్యాగరాజ కీర్తనలు మన భాషవి. మనకు అదే నెల ధనుర్మాసం పేరుతో వస్తుంది, తిరుప్పావై వినిపించి వెళ్లిపోతుంది, హాళ్లు మాత్రం చీకట్లో ఉంటాయి.

హాలే ఎందుకు, మైదానంలో పెట్టుకోవచ్చు కదా అంటే సౌండ్ లెక్క చూడాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పగటి పూట నివాస ప్రాంతంలో పరిమితి 55 డెసిబుల్స్, వాణిజ్య ప్రాంతంలో 65. రాత్రి 10 దాటితే 45, 55. లౌడ్‌స్పీకర్ వాడే ప్రాంగణం సరిహద్దు దగ్గర ఈ పరిమితికి మించి 10 డెసిబుల్స్ లేదా మొత్తం 75, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఇక షో దగ్గరకు రండి. స్టేజీకి 30 మీటర్ల దూరంలో సౌండ్ మిక్సర్ దగ్గర 100 డెసిబుల్స్ నడుస్తోందనుకుందాం, పెద్ద షోకి అది మామూలే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబుల్స్ తగ్గుతుంది. 60 మీటర్లకు 94, 120కి 88, 240కి 82, 480కి 76. అంటే అర కిలోమీటరు అవతల కూడా వాణిజ్య ప్రాంతపు పగటి సరిహద్దు పరిమితి దాటే ఉంది. గచ్చిబౌలి చుట్టుపక్కల ఇప్పుడు అర కిలోమీటరు ఖాళీ ఎక్కడుంది? నలభై అంతస్తుల టవర్లున్నాయి.

బాస్ సంగతి ఇంకా ఘోరం. నియమాల్లో కొలత ‘ఎ’ వెయిటింగ్‌లో, అంటే చెవికి వినబడే తీరుకు తగ్గట్టు బాస్‌ను తక్కువగా లెక్కించే పద్ధతిలో ఉంటుంది. ఆ కొలత 63 హెర్ట్జ్ దగ్గర అసలు స్థాయికి 26 డెసిబుల్స్ తక్కువ చూపిస్తుంది. మీటరు బాగానే ఉందంటుంది, పదో అంతస్తులో కిటికీ అద్దం వణుకుతుంది, పోలీసులకు ఫోన్ వెళుతుంది. జాగ్రత్త తెలిసిన సౌండ్ ఇంజినీరు మూడు బాస్ బాక్సుల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి, దాని శబ్దానికి డిలే (కాస్త ఆలస్యం), ఫేజ్ (తరంగాల పొందిక) సరిచేసి స్టేజీ వెనక్కి పోయే శబ్దాన్ని బాగా కోసేస్తాడు. అయినా ముందువైపు వెళ్లేది వెళుతూనే ఉంటుంది. పైగా రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ మీద నిషేధం ఉంది, 10 కాగానే ప్లగ్గు పీకాలి. ఏడింటికి అన్న షో ఎనిమిదిన్నరకు మొదలై, అసలు కళాకారుడు తొమ్మిదింటికి ఎక్కితే మూడు వేలు పెట్టిన శ్రోతకు దక్కేది గంట పాట. ఆ తర్వాత మెట్రో లేని చోటు నుంచి క్యాబ్ కోసం గంట నిరీక్షణ. టెర్మినళ్ల నుంచి చివరి రైలు 11కి.

అదే 2000 నాటి నియమాలు మూసి ఉన్న ప్రాంగణాలకు రాత్రి నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చాయి. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ రూం, కమ్యూనిటీ హాల్‌తో పాటు అందులో బాంకెట్ హాల్ అన్న మాట కూడా ఉంది. తలుపులు మూసి, శబ్దం లోపలే ఉంచగలిగితే చట్టం మన వైపే ఉంది.

పెద్ద షోల వల్ల హోటళ్లు నిండుతాయి, ప్రభుత్వానికి పన్ను వస్తుంది, నగరానికి పేరొస్తుంది అనేవాళ్ల మాట అబద్ధం కాదు. ఫంక్షన్ హాల్లో సౌండ్ పాడుగా ఉంటుందనే సంగీతజ్ఞుల ఫిర్యాదు అంతకంటే బలమైనది. మార్బుల్ నేల, నున్నటి గోడలు, అద్దాలు. చప్పట్లు కొడితే రెండు మూడు సెకన్లు మోగే గదిలో గమకం ఏం వినిపిస్తుంది? కానీ గదికున్న ఈ జబ్బుకు మందు తెలుసు. అరీనాకు దూరమనే జబ్బుకు మందు లేదు.

మొదట స్టేజీని కదపాలి. పెళ్లి డయాస్ ఎప్పుడూ హాలు చివర, పొట్టి గోడకు ఆనించి ఉంటుంది. నూరడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పున్న హాల్లో అక్కడి నుంచి చివరి వరుస ఎనభై అడుగులు దాటుతుంది. పొడుగు గోడ మధ్యలో వేదిక వేస్తే ఎదుట చివరి వరుసకు నలభై, నలభై ఐదు అడుగులే. నటుడి కళ్లు కనిపిస్తాయి, మృదంగం మీద వేళ్లు కనిపిస్తాయి. నేల చదును కనుక వేదిక ఎత్తు మూడున్నర, నాలుగు అడుగులు ఉండాలి. కుర్చీలు ముందు వరుసలోని రెండు తలల సందున పడేలా వేయాలి. ముందు వరుస సోఫాలు తీసేయాలి, వాటి వెనక కూర్చున్న మూడు వరుసల వాళ్లకు ఏమీ కనబడదు. కుర్చీలను వరుసల్లో ఒకదానికొకటి కట్టాలి. తొక్కిసలాటలో అడ్డంపడేవి విడి కుర్చీలే. నడకదారి నాలుగడుగులు వదలాలి.

తర్వాత సౌండ్. డీజేలు చేసే తప్పు ఒకటే: వేదిక పక్కన రెండు భారీ స్పీకర్లు పెట్టి వెనక వరుసకు చాలేదాకా పెంచడం. గది మొత్తం మోగిపోతుంది, ఒత్తులూ ద్విత్వాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తెలుగు పాటలో అర్థం పోతుంది. దానికి బదులు చిన్న స్పీకర్లు ఆరో ఎనిమిదో పంచి, తక్కువ వాల్యూంలో నడపాలి. వెనక వాటికి డిలే ఇవ్వాలి, 12 మీటర్ల దూరానికి సుమారు 35 మిల్లీసెకన్లు. వేదికకు ఎదురు గోడ మీద 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్ పలకలు గుడ్డ చుట్టి, గోడకు కాస్త ఖాళీ వదిలి బిగించాలి. మిగతా చోట మడతలు మడతలుగా బరువైన కర్టెన్లు. జనం నిండితే వాళ్ల ఒళ్లే మరికొంత శబ్దాన్ని తాగేస్తుంది. అందుకే ఖాళీ హాల్లో సౌండ్ చెక్ భయంకరంగా అనిపిస్తే బెంబేలెత్తనక్కర్లేదు. సౌండ్‌కు వేరే కరెంటు ఫేజ్ తీసుకోవాలి, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకోవాలి. షాండిలియర్ డిమ్మర్లతో ఒకే లైన్లో పెడితే వీణ పికప్‌లో జుయ్యిమనే రొద వదలదు. లాన్ వైపు అద్దాల గోడ ఉన్న హాళ్లను ఎంచుకోవద్దు, బాస్ మొత్తం అక్కడి నుంచే పొరుగింటికి పోతుంది.

ఇక డబ్బు. టికెట్ 500 రూపాయల లోపు ఉంటే కచేరీకి, నాటకానికి జీఎస్టీ లేదు. 600 పెడితే 18 శాతం, అంటే 108 రూపాయలు అదనం. కాబట్టి ధర 300 నుంచి 499 మధ్య ఉండాలి. ఇందులో ఒక చిక్కు: టికెట్ మీద పన్ను లేనప్పుడు హాలు అద్దె మీద, సౌండ్ బిల్లు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, దాన్ని ఖర్చులోనే రాసుకోవాలి. ఐదు వందల సీట్లలో మూడు వందలు నిండి, టికెట్ 400 అయితే చేతికి 1,20,000. ముహూర్తపు అద్దె కట్టాలంటే ఇది ఏ మూలకూ చాలదు. ఖాళీ రోజున యజమాని స్థిరమైన అద్దె వదిలి, వసూళ్లలో మూడో వంతు తీసుకుంటే ఇద్దరికీ గిట్టుతుంది. విరామంలో టీ, మిర్చి బజ్జీల ఆదాయం పూర్తిగా హాలుదే కావచ్చు, వంటశాల వాళ్లదే కదా.

ప్రభుత్వం చేయాల్సింది ఒక్కటే ఉంది. పోలీసు, ట్రాఫిక్, ఫైర్ అనుమతులను ప్రతి షోకీ నిర్వాహకుడి నెత్తిన వేయకుండా, హాలును ఏడాదికోసారి తనిఖీ చేసి, వెయ్యి మంది లోపు కూర్చుని చూసే కార్యక్రమాలకు హాలు పేరు మీదే లైసెన్స్ ఇవ్వాలి. అదే హాల్లో వెయ్యి మంది భోజనం చేసే పెళ్లికి లేని ప్రమాదం మూడు వందల మంది కూర్చుని వినే కచేరీకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదంతా చెప్పడం వెనక సంగీతం కంటే పెద్ద బాధ ఒకటుంది. తెలుగు నాటకానికి రెండో రాత్రి లేదు. హాలు ఒక్క రోజుకే దొరుకుతుంది కాబట్టి నాటకం ఒక్కసారే ఆడుతుంది. మూడు నెలల రిహార్సల్ రెండు గంటల్లో అయిపోతుంది. నవ్వు రావాల్సిన చోట రాలేదని నటుడికి తెలిసేసరికి సెట్ లారీ ఎక్కుతుంది. మర్నాడు సరిచేసుకునే అవకాశం లేదు, బాగుందని విన్నవాడు వెళ్లి చూసే దారీ లేదు. నాటక పరిషత్తుల పోటీల్లోనూ అంతే: ఒకసారి న్యాయనిర్ణేతల ముందు ఆడటం, బహుమతి పుచ్చుకోవడం, వెళ్లిపోవడం. ప్రేక్షకుడు టికెట్ కొని నాటకం చూసే అలవాటు చచ్చిపోయింది ఈ ఒంటి రాత్రి వల్లనే.

మనకు ఆ అలవాటు బ్రహ్మాండంగా ఉండేది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాలు ఊరూరా డేరా వేసి, టికెట్ పెట్టి, వారాల తరబడి ఆడేవి. తోలుబొమ్మలాట నుంచి వచ్చిన కుటుంబాలవి. తెర వెనక తాళ్లు లాగే చేతి ఒడుపు, ఇంటి ఆడవాళ్లే స్త్రీ పాత్రలు వేయడం, రోజూ ఆడటం వల్ల వచ్చిన నిలకడ, అన్నీ వాళ్ల ఆస్తి. ఆ కుటుంబాల కాలనీ ఇప్పుడు లింగంపల్లి దగ్గరే ఉంది, వేల రూపాయల టికెట్ షోలు జరిగే గచ్చిబౌలి స్టేడియానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది, చుట్టూ ఫంక్షన్ హాళ్లున్నాయి. వచ్చే ఆషాఢంలో వాటిలో ఒకదాన్ని వరసగా ఇరవై రాత్రులు ఇవ్వండి. సాయంత్రం 6.30కి తెర లేవాలి, 9.15కి దించాలి, టికెట్ 300. మొదటి వారం సగం కుర్చీలు ఖాళీగా ఉంటే ఉండనివ్వండి, ఆట ఆపకండి.