అడ్వాన్స్‌డ్ యూనిక్స్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ రికార్డు గారికి బహిరంగ లేఖ

అయ్యా రికార్డు గారూ,

తమరు క్షేమమని తెలుసు. అట్టకి బ్రౌన్ పేపరు, పేజీపేజీకీ ఎర్ర ఇంకు సంతకం, మీకేం లోటు?

మీ మహిమ చెప్పాలంటే, నడుస్తున్న ప్రోగ్రాంకి (అదే ప్రాసెస్) కాపీ తీసి బిడ్డ ప్రాసెస్‌ని పుట్టించే ఫోర్క్‌తోనే మొదలెట్టాలి. ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొచ్చే కాల్ అది, తండ్రి ప్రాసెస్‌కి బిడ్డ పీఐడీ (ప్రాసెస్ నంబరు), బిడ్డకి సున్నా చేతిలో పెడుతుంది. ఆ పీఐడీని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ అప్పటికప్పుడు ఇస్తుంది, ఇంకోసారి రన్ చేస్తే ఇంకో నంబరు వస్తుంది. కానీ మా సెక్షన్ మొత్తానికీ చైల్డ్ పీఐడీ 3472. సీనియర్ల రికార్డుల్లోనూ 3472, వాళ్ల సీనియర్లు ఎక్కడినుంచి ఎక్కించారో వాళ్లకే తెలియాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలకు కూడా చేతకాని పని ఇది: ఏ మెషీన్ మీదైనా, ఏ బ్యాచ్‌కైనా మారని పీఐడీ! పైగా తండ్రి, బిడ్డల్లో ఎవరు ముందు ప్రింట్ చేస్తారో గ్యారంటీ లేదని పాఠంలో చెప్తారు. మీలో మాత్రం ఎప్పుడూ తండ్రే ముందు. పెద్దలుండగా పిల్లలు నోరెత్తకూడదని, ఎవరి వంతు ఎప్పుడో తేల్చే షెడ్యూలర్‌కి కూడా మీరే నేర్పినట్టున్నారు.

మా వాడొకడు (రికార్డు రాయకుండా ప్రోగ్రాం రన్ చేసే రకం, ఇలాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు) ఒక తమాషా కనిపెట్టాడు. ఫోర్క్‌కి ముందు ప్రింట్ఎఫ్‌తో ‘హలో’ అని ప్రింట్ చేసి కొత్త లైన్‌కి వెళ్తే, స్క్రీన్ మీద ఒక్కసారే వస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే రెండుసార్లు వస్తోంది. ల్యాబ్‌లో అడిగితే, ‘ఎక్స్‌టర్నల్‌లో ఇవన్నీ అడగరు, రికార్డులో ఒకసారే రాయి’ అన్నారు. నిజానికి సగం సెమిస్టరు ఆ ఒక్క ‘హలో’లోనే ఉంది. టెర్మినల్ అయితే లైన్ అవ్వగానే బఫర్ (ప్రింట్ అయ్యేవి ముందు పోగయ్యే చోటు) ఖాళీ అవుతుంది, ఫైల్ అయితే నిండేదాకా ఆగుతుంది. ఆ బఫర్ ఉండేది కెర్నల్‌లో కాదు, ప్రాసెస్ మెమరీలోనే, కాబట్టి ఫోర్క్ దానికీ కాపీ తీస్తుంది, చివర్లో ఎవరి ‘హలో’ వాళ్లు కక్కేస్తారు. ఇది మీలో పట్టలేదు, కుడివైపు పేజీ అయిపోయింది కదా.

పని అయిపోయినా జాబితాలో పేరు మిగిలిపోయిన జాంబీ ప్రాసెస్ సంగతి క్లుప్తంగా చెప్తాను. అది ఆల్రెడీ పోయింది కాబట్టి బలవంతంగా చంపే కిల్ మైనస్ నైన్ కమాండ్ కొట్టినా చావదు, తండ్రి ‘వెయిట్’ అనే కాల్ చేయాలి, లేదా తండ్రి కూడా పోయి అన్నిటికీ మూల ప్రాసెస్ అయిన ఇనిట్ దత్తత తీసుకోవాలి. మేం మాత్రం ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ అవుట్‌పుట్‌ని పెన్సిల్‌తో, స్కేలు పెట్టి డబ్బాలు గీసి రాశాం. గీతలు వంకరగా ఉన్నాయని మళ్లీ రాయించారు.

ఇక వేర్వేరు ప్రాసెస్‌లు కలిసి వాడుకునే షేర్డ్ మెమరీ. అందరం పుట్టీ అనే సాఫ్ట్‌వేర్‌తో లాగిన్ అయ్యేది ఒకటే సర్వర్‌కి, మీ దయవల్ల అందరి ప్రోగ్రాంలోనూ కీ 1234, పర్మిషన్ 0666 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు). అంటే అందరిదీ ఒకటే మెమరీ సెగ్మెంట్. నా రీడర్ ప్రోగ్రాం రన్ చేస్తే ‘హలో వరల్డ్’ రావాల్సిన చోట వెనక బెంచీ నుంచి ‘బోర్ కొడుతోంది రా, క్యాంటీన్‌కి పోదామా’ అని వచ్చింది! ఆ సెమిస్టర్‌లో ఇంటర్ ప్రాసెస్ కమ్యూనికేషన్ నిజంగా జరిగింది అదొక్కసారే. ప్రోగ్రాం ఆగినా ఆ సెగ్మెంట్ పోదు, దాన్ని తీసేసే ఐపీసీఆర్ఎమ్ కమాండ్ కొట్టాలి, లేదా సర్వర్ రీబూట్ కావాలి, అందుకే తర్వాతి వారం ఇంకో సెక్షన్ వాళ్లని కూడా అది క్యాంటీన్‌కి పిలిచింది. మీలో మాత్రం ‘హలో వరల్డ్’ అనే ఉంది. సంతకం కూడా ఉంది.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోలేను. మీలో ఎక్కడా ఎర్రర్ లేదండీ! ఫైల్ తెరిచే ఓపెన్ ఫెయిల్ కాదు, మెమరీ అడిగే మాలాక్ ఫెయిల్ కాదు. సర్వర్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని, సర్వర్‌కి అడ్రస్ కట్టబెట్టే బైండ్ మొండికేయదు, పాత కనెక్షన్ మూసేశాక కాసేపు ఆగే టైమ్ వెయిట్‌లో ఉంటే అలాగే అంటుందని, దానికి రీయూజ్ అడ్రస్ అనే ఆప్షన్ పెట్టాలని ఎక్కడా రాయలేదు. రిటర్న్ వాల్యూ చెక్ చేసే లైన్లు కలిపితే ప్రోగ్రాం ఇంకో రెండు పేజీలు పెరుగుతుందని, చెయ్యి నొప్పెడుతుందని అవి తీసేశారు. అడ్వాన్స్‌డ్ అన్న మాటకి సబ్జెక్టులో మిగిలిన ఆధారం అవే.

ఎక్స్‌టర్నల్ గారు వచ్చారు, మిమ్మల్ని తిరగేశారు, ఇండెక్స్‌లో ఒక తేదీ ఆదివారం పడిందని పట్టుకున్నారు. అదే వైవా.

ఇప్పుడు జూనియర్ ఒకడు మీ కోసం తెగ మెసేజ్‌లు పెడుతున్నాడు, శుక్రవారం సబ్మిషన్ అట. రేపు పంపిస్తున్నాను, జాగ్రత్తగా వెళ్లిరండి. కనీసం ఆ 1234 అయినా మార్చుకోరా అని చెప్పాను. ‘మారిస్తే అవుట్‌పుట్ మారదు కదన్నా?’ అని అడిగాడు.

ఇట్లు,
మిమ్మల్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చేత్తో రాసినవాడు