రామోన్స్ అంటే చొక్కా కాదు నాయనా

నిన్న లిఫ్టులో మా పై అంతస్తు కుర్రాడు రామోన్స్ అనే అమెరికా రాక్ బ్యాండు టీషర్టు వేసుకుని కనిపించాడు. గుండెల మీద గద్ద బొమ్మ, చుట్టూ జానీ, జోయీ, డీడీ, టామీ అని పేర్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. "వీళ్ల పాటల్లో ఏది ఇష్టం బాబూ?" అనడిగా.

"పాటలేంటి అంకుల్? ఇది బ్రాండు. రెండు కొంటే ఒకటి ఫ్రీ."

ఒళ్లు మండదా మరి! ఆ నలుగురిలో ఒక్కడూ ఇప్పుడు బతికిలేడు. న్యూయార్క్ క్వీన్స్ కుర్రాళ్లు, 1974లో మొదలెట్టారు. 1976లో తొలి ఆల్బమ్: 14 పాటలు, అన్నీ కలిపినా అరగంట లేదు, రికార్డింగ్ ఖర్చు 6,400 డాలర్లు. గిటార్ వాడి విన్యాసాల్లేవు, సాగదీతల్లేవు. "వన్ టూ త్రీ ఫోర్" అని ఒక్క అరుపు, ఇక తలుపు తన్నుకుని లోపలికొచ్చేసినట్టే. అప్పట్లో కొన్న నాథుడేడీ? ఆ ఆల్బమ్ అమెరికాలో గోల్డ్ (ఐదు లక్షల కాపీలకిచ్చే గుర్తింపు) అయ్యేసరికి 2014 వచ్చింది. టామీ పోయిందీ ఆ ఏడే.

బ్యాండుగా వాళ్లు పుట్టి పెరిగిన సీబీజీబీ అనే న్యూయార్క్ మ్యూజిక్ క్లబ్బు 2006లో మూతపడితే, ఆ చోట ఖరీదైన బట్టల కొట్టు వెలిసింది. ఎటు చూసినా బట్టలే! (నా దగ్గరా రెండు టీషర్టులున్నాయి, అది వేరే సంగతి.)

ఫోన్ తీశా. రెండు నిమిషాల పాటే కదా, కిందికి దిగేలోపు అయిపోతుందని. వాడు చెవుల్లో ఇయర్‌బడ్స్ దోపేసుకున్నాడు.