సావధాన్, విశ్రామ్, జైసే థే

మొన్న ఆదివారం అక్కయ్య వాళ్ళింటికి వెళ్తే మా మేనల్లుడు ఒక ఫారం పట్టుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఎనిమిదో తరగతి వాడు, మూతి మీద ఇంకా నూగు కూడా రాలేదు. మావయ్యా, నాన్న సంతకం పెట్టనంటున్నాడు, నువ్వు కాస్త చెప్పవా అన్నాడు. చూస్తే ఎన్సీసీ ఫారం, అదే, స్కూళ్ళలో కాలేజీల్లో కవాతు నేర్పే నేషనల్ క్యాడెట్ కోర్‌ది. మా బావగారు సోఫాలోంచి లేవకుండానే "ఏవయ్యా, నువ్వు చేశావుగా, నువ్వే చెప్పు వాడికి, గ్రౌండ్లో ఎండకి నుంచుంటే ఐఐటీ ఫౌండేషన్ ఎవడు చదువుతాడు" అన్నారు. అక్కయ్య మాత్రం వంటింట్లోంచి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "దానికి వెయిటేజీ ఎంతరా?"

ఇంత గంభీరమైన విషయం మీద నోటికొచ్చినట్టు మాట్లాడటం మర్యాద కాదు కాబట్టి ఇంటికొచ్చి బాగా ఆలోచించి రాస్తున్నాను.

ముందు వెయిటేజీ. ఉంది. మన ఎంసెట్‌లో (ఇప్పుడేవో పేర్లు మార్చారు, పిల్లల టెన్షన్ మాత్రం పాతదే) ఎన్సీసీ కోటా 1 శాతం. అందులోనూ ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపు దాకా వెళ్ళొచ్చినవాళ్ళు ముందు వరసలో ఉంటారు, మనలా స్కూల్లో రెండేళ్ళు చేసి 'ఎ' సర్టిఫికెట్ (అంటే స్కూలు స్థాయిది) తెచ్చుకున్నవాడు ఆ వరస చివర్న విశ్రామ్‌లో, అదే కాళ్ళు ఎడం చేసి తీరిగ్గా నుంచునే భంగిమలో, ఉంటాడు. అయినా సరే మా కాలంలో ప్రతి తండ్రీ ఆ 1 శాతం తన కొడుకు కోసమే పెట్టారని నమ్మాడు. దేశభక్తికి ఇంత కచ్చితమైన కొలత ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

చరిత్ర కూడా ఒక ముక్క చెప్పుకోవాలి, లేకపోతే వ్యాసానికి బరువుండదు. స్వతంత్రం వచ్చే ముందే కుంజ్రూ కమిటీ అని ఒకటి వేశారు, అది చెప్పినట్టు 1948లో చట్టం చేసి ఎన్సీసీ పెట్టారు. 1962లో చైనా దెబ్బకి ఉలిక్కిపడి మరుసటేడు కాలేజీ కుర్రాళ్ళందరికీ కంపల్సరీ చేసేశారు, 1968లో మళ్ళీ ఇష్టమైనవాళ్ళే చెయ్యండన్నారు. మా పెదనాన్న ఆ మధ్య కాలంలో డిగ్రీ చదివాడు. ఆయన లెక్క ప్రకారం చైనా ఆ తర్వాత మన మీదికి రాకపోవడానికి కారణం వాళ్ళ కాలేజీ బ్యాచే. అటు పక్కనుంచి ఎవరూ ఖండించలేదు కాబట్టి ఒప్పుకోవాల్సిందే.

ఇక నా సర్వీసు. జిల్లా పరిషత్ హైస్కూలు, తొంభైల మధ్యలో. నేను దేశం కోసం చేరానని రాసుకోవాలనే ఉంది కానీ పూరీల కోసం చేరాను. పరేడ్ అయ్యాక బాదం ఆకులో నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చేవాళ్ళు. గుడ్డు తినని పిల్లలు నలుగురుండేవాళ్ళు, వాళ్ళతో స్నేహం చెయ్యడానికి మిగతా ట్రూప్ అంతా ఎంత పోటీ పడేదో చెప్పలేను, జాతీయ సమైక్యత అన్న మాట నాకు అక్కడే అర్థమైంది. 2021లో ఎన్సీసీని ఎలా మార్చాలో చెప్పమని రక్షణ శాఖ ఒక కమిటీ వేస్తే అందులో ధోనీ, ఆనంద్ మహీంద్రా కూడా ఉన్నారు. అంత పెద్దవాళ్ళు కూర్చుని పూరీల సంగతి మాట్లాడారో లేదో అని నాకు ఇప్పటికీ బెంగే.

యూనిఫాం స్టాకులోంచి వచ్చేది. స్టాకుకి మన సైజుతో పని లేదు. నా కాలు ఆరు, బూటు తొమ్మిది. ముందు భాగంలో ఆదివారం అనుబంధం ఉండచుట్టి కుక్కేవాణ్ణి, కవాతులో నాలుగడుగులు వేస్తే అది లోపల మడమ కిందికి వచ్చేసేది. కొత్త టోపీ అయితే అచ్చం దిబ్బరొట్టె. దాన్ని నీళ్ళలో నానబెట్టి మోకాలి మీద తొడిగి గంట సేపు నొక్కి పట్టుకుంటే అప్పుడు ఒక పక్కకి వాలి సైనికుడి టోపీలా కనపడేది. బెల్టు బిళ్ళ ఇత్తడిది, బ్రాసో కొనమంటే అమ్మ నవ్వి, శుక్రవారం దేవుడి సామానుతో పాటు ఆ బిళ్ళని కూడా చింతపండేసి తోమేసింది. ఆ రోజు పరేడ్‌లో నా బెల్టు మీద ఎండ పడి హవల్దార్ సాబ్ కళ్ళు చికిలించి "షాబాష్" అన్నాడు. రెండేళ్ళ సర్వీసులో నాకొచ్చిన షాబాష్ అదొక్కటే, అదీ అమ్మది.

ఎందుకంటే నాకొక జబ్బుంది. మామూలుగా నడిచేటప్పుడు అందరిలాగే ఎడమ కాలితో కుడి చెయ్యి ఊపుతాను. తేజ్ చల్, అంటే కవాతు మొదలెట్టు, అన్న మాట చెవిన పడితే చాలు ఎడమ కాలు ఎడమ చెయ్యి కలిసి లేచేవి. చూసేవాళ్ళకి తోలుబొమ్మ పరిగెడుతున్నట్టుండేదట. హవల్దార్ సాబ్ హర్యానా మనిషి, కార్గిల్‌కి ముందు తరం, ఎన్నో సరిహద్దులు చూశాడు, ఇలాంటిది చూళ్ళేదు. నన్ను ఒక్కణ్ణీ పక్కన పెట్టి నిమిషానికి 120 అడుగులు, అడుగుకి 30 అంగుళాలు అని కొలిచి కొలిచి నేర్పించి, చివరికి నన్ను మధ్య వరసలో మధ్యలో దాచేశాడు.

కమాండ్లన్నీ హిందీలో. మాకు హిందీ మాస్టారు మూడేళ్ళలో నేర్పలేని హిందీ ఈయన మూడు వారాల్లో నేర్పాడు, కాకపోతే అందులో ఆజ్ఞలు తప్ప ఇంకేం లేవు. దాహినే అంటే అన్నం తినే చెయ్యి. పీఛే ముడ్, అంటే వెనక్కి తిరుగు, అన్నా అన్నం తినే చేతి వైపు నుంచే తిరగాలి. ఈ హిందీతో నేను ఇంటర్ అయ్యాక ఢిల్లీ వెళ్ళాను. ఆటో అతనికి దాహినే ముడ్ అన్నాను, బాయే ముడ్ అన్నాను, ఇల్లు రాగానే థమ్ (ఆగు) అన్నాను. అతను ఆటో ఆపి, వెనక్కి తిరిగి, ఏ రెజిమెంట్ సాబ్ అని అడిగాడు. దయచేసి, కొంచెం, అండీ లాంటి మాటలు హిందీలో ఉన్నాయని నాకు చాలా లేటుగా తెలిసింది.

పది రోజుల క్యాంపులో నాకు రాత్రి రెండు నుంచి నాలుగు దాకా సెంట్రీ డ్యూటీ వేశారు. కాపలా కాయాల్సింది వంట టెంటు వెనక కూరగాయల బస్తాలు. ఆయుధం లాఠీ. రూలేంటంటే ఎవరైనా వస్తే "థమ్! కౌన్ ఆతా హై?" అని గట్టిగా అరవాలి, అవతలివాడు దోస్త్ అంటే ముందుకి రమ్మనాలి. సుమారు మూడింటికి చీకట్లో ఏదో నల్లగా కదిలింది. అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను, జవాబు లేదు, నమిలిన చప్పుడు మాత్రం వస్తోంది. గేదె. దానికి హిందీ రాదు, నాకు డ్యూటీలో తెలుగు మాట్లాడే పర్మిషన్ ఉందో లేదో తెలీదు. ఇద్దరం అలా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నుంచున్నాం. మూడోసారి కౌన్ ఆతా హై అనేసరికి అది క్యాబేజీ బస్తా సగం ఖాళీ చేసి దోస్త్ అని చెప్పకుండానే వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మెనూలో క్యాబేజీ కూర లేదు, నాకు మాత్రం గ్రౌండ్ చుట్టూ ఫ్రంట్ రోల్స్ ఉన్నాయి.

ఫైరింగ్ గురించి క్లుప్తంగా. పాయింట్ టూ టూ రైఫిల్, బోర్లా పడుకోవాలి, ఐదు గుండ్లు. నా టార్గెట్ కాగితం పెళ్ళి శుభలేఖంత నీటుగా వెనక్కొచ్చింది. పక్కవాడి కాగితం మీద ఐదు గుండ్లకి ఎనిమిది చిల్లులు. వాడికి ప్రైజిచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. పిల్లలకి ఎన్సీసీ యుద్ధం నేర్పుతుందని అందరూ అపోహ పడుతున్నారు. అది నేర్పేది నుంచోవడం. పదమూడేళ్ళ పిల్లాడికి కదలకుండా నుంచోవడం నేర్పగలిగిన సంస్థ ఈ దేశంలో ఇంకోటి లేదు, ఆ విద్య అవసరం మాత్రం పుట్టినప్పటినుంచీ పోయేదాకా ఉంది.

ఉదాహరణకి మా ఆగస్టు 15. జిల్లా కేంద్రంలో పోలీస్ పరేడ్ గ్రౌండ్. మమ్మల్ని పొద్దున్నే ఆరింటికి లైన్లో నిలబెట్టారు, మంత్రిగారు తొమ్మిదికి రావాలి. తొమ్మిదైంది. తొమ్మిదిన్నర అయింది. ముందు రాత్రి వాన పడిందేమో నేలంతా ఉక్క, నెత్తిన ఎండ. కళ్ళు తిరక్కుండా బూట్లో వేళ్ళు ఆడిస్తూ ఉండండ్రా అని సీనియర్లు చెప్పారు, నా తొమ్మిదో నంబరు బూట్లో వేళ్ళు ఆడించడం కాదు కబడ్డీ ఆడుకోవచ్చు, నాకేం కాలేదు. ముందు వరసలో ఒకడు పడ్డాడు. వాణ్ణి షామియానా కిందికి ఎత్తుకెళ్ళి ఫ్యాన్ కింద పడుకోబెట్టి గ్లూకోజు నీళ్ళిచ్చారు. అది చూసిన ఐదు నిమిషాల్లో ఇంకో నలుగురు, కుడి నుంచి ఎడమకి, ఒకడి తర్వాత ఒకడు సమాన దూరంలో పడిపోయారు. అంత క్రమశిక్షణ ఆ రోజు కవాతులో కూడా చూళ్ళేదు. పదింపావుకి మంత్రిగారొచ్చారు. ఓపెన్ జీపులో మా ముందునుంచి అలా వెళ్ళిపోయారు, ఎంత సేపు అంటే దాహినే దేఖ్ అని మేం తల తిప్పేలోపు.

ఆ నుంచోవడమే నన్ను బతికించింది. తిరుమల కంపార్ట్‌మెంట్లలో నుంచున్నాను. ఆధార్ సెంటర్ దగ్గర నుంచున్నాను. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు ఏటీఎం ముందు చుట్టూ జనం గొడవ పడుతుంటే నేను కాళ్ళ మధ్య 12 అంగుళాలు వదిలి చేతులు వెనక్కి కట్టుకుని హాయిగా విశ్రామ్‌లో ఉన్నాను, నోట్లు అయిపోయాయ్ అన్నాక పీఛే ముడ్ చేసి ఇంటికొచ్చాను. క్యాడెట్ కానివాడు అక్కడ బీపీ తెచ్చుకున్నాడు.

ఇంకో విద్య ఉంది, దాని పేరు జైసే థే. కమాండ్ తప్పు పడినా మేం తప్పు తిరిగినా హవల్దార్ సాబ్ ఆ మాట అనేవాడు, అంటే మునుపు ఎలా ఉన్నారో అలా వచ్చి నుంచోండి అని. ఎవరిది తప్పు, ఎందుకు తిరిగాం, ఎంత తిరిగాం అన్న చర్చ ఉండదు. మన రాజధాని చూడండి, 2015లో శంకుస్థాపన చేసి అమరావతి వైపు తిప్పారు, 2020లో మూడు వైపులకీ ఒకేసారి తిరగమన్నారు, 2024లో మళ్ళీ అమరావతి. ఈ జైసే థేలకి బయటివాళ్ళు ఆశ్చర్యపోతారేమో కానీ ట్రైనింగ్ ఉన్నవాడికి ఇది రోజూ చేసే డ్రిల్లే.

కాబట్టి ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళి ఇవన్నీ బావగారికి పాయింటు పాయింటుగా చెప్పాను. ఆయన వచ్చే ఏడు వాణ్ణి మార్చాలనుకుంటున్న స్కూల్లో గ్రౌండే లేదు, ఐదంతస్తుల బిల్డింగు, సెల్లార్లో బండ్ల మధ్య ప్రేయర్. ఆయన అంతా విని, నుంచోవడమే అయితే ఆ సెల్లార్లో కూడా నుంచోవచ్చు కదయ్యా అన్నారు. పాయింటే. నా దగ్గర జవాబు లేదు.

ఇంతలో అక్కయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సరే ముందు వీడికి నడవడం వచ్చో రాదో చూద్దాం, ఏదీ నడువు అంది. వాడు హాల్లో టీవీ ముందు నిటారుగా నుంచుని, గుండె ముందుకి పెట్టి, నేను తేజ్ చల్ అనగానే గుమ్మం వైపు కదిలాడు. ఎడమ కాలు లేచింది. దాంతో పాటే ఎడమ చెయ్యి లేచింది.

బావగారు నా వైపు చూశారు. అక్కయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మేనమామ పోలికరా, ఎక్కడికి పోతుంది" అంది.