ఆడిట్ పేరా గారికి ఒక మాజీ గుమాస్తా విన్నపం

మహారాజశ్రీ ఆడిట్ పేరా గారి దివ్యసముఖమునకు,

ప్రభుత్వ లెక్కల్లో తప్పులు ఎత్తిచూపే పేరాలైన తమకు, ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి జవాబులు రాసి, తమలో ఏ ఒక్కరినీ పూర్తిగా సాగనంపకుండానే పదవీ విరమణ చేసిన గుమాస్తా వినయపూర్వకంగా రాసుకుంటున్న లేఖ ఇది.

తమ వంశం గొప్పదని ఒప్పుకోక తప్పదు. తమను రాసే కాగ్‌ను, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను, రాజ్యాంగం 148వ అధికరణ ప్రకారం, సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించడానికి వీల్లేదు. పదవి దిగాక ఆయన కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ మరో ప్రభుత్వ పదవి చేపట్టడానికీ వీల్లేదు. రాసే చేతికి ఇంత రక్షణ కల్పించిన పెద్దలు, రాసిన కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, నివేదికను చట్టసభ ముందుంచాలని 151వ అధికరణలో చెప్పి, ఎన్నాళ్లలో ఉంచాలో చెప్పకుండా వదిలేశారు. ఎవరి లెక్కల్లో తమరు తప్పు పట్టారో, తమరు వెలుగు చూడడానికి ముహూర్తం పెట్టేదీ ఆచరణలో వారే. అందుకే తమరు తరచుగా సమావేశాల చివరి రోజున, సభ్యులు సంచులు సర్దుకుంటున్న వేళ, సభలో అడుగుపెడుతుంటారు.

జవాబుల విద్యలో నాది చిన్న స్థాయి. ఒకసారి కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు రోల్‌లోని సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయని తమరు ఆక్షేపించినప్పుడు, "భవిష్యత్తులో వేర్వేరు కలములు వాడునట్లు ఆదేశములు జారీ చేయబడినవి" అని రాసి పై అధికారి మెప్పు పొందాను. మిగిలిన సందర్భాల్లో "రికార్డులు పరిశీలించి తెలియజేయబడును" అన్న వాక్యం సరిపోయేది. పరిశీలించామా అని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

కానీ పెద్దల పద్ధతి వేరు. ఆయుష్మాన్ భారత్ పథకంలో 9999999999 అనే ఒక్క ఫోన్ నంబరుకు 7,49,820 మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నారని 2023లో తమరు బయటపెడితే, లబ్ధిదారుల అర్హత తేల్చడానికి ఫోన్ నంబరుతో పనిలేదని ప్రభుత్వం సమాధానమిచ్చింది. అడిగింది నంబరు అలా ఎందుకుందని. చెప్పింది అసలు నంబరుతో పనేమిటని. వృత్తిరీత్యా ఆ సమాధానానికి చేతులెత్తి నమస్కరించాను.

తమ నివేదికలను పరిశీలించే చట్టసభ సభ్యుల ప్రజాపద్దుల కమిటీ ఉంది కదా అంటారేమో. ఉంది. 1967 నుంచి పార్లమెంటులో దాని అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం కూడా. అయితే నివేదికలోని పేరాలన్నింటినీ చర్చించే తీరిక ఆ కమిటీకి ఉండదు; ఎంపిక కాని తమ సోదరులు బీరువాలో ప్రశాంతంగా వయసు మీరుతుంటారు.

నన్ను భయపెట్టింది మాత్రం తమ పల్లెటూరి బంధువే. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ పేరాకు సీలు కవరూ లేదు, ముహూర్తమూ లేదు. దాన్ని చెట్టు కింద, కూలీల ఎదుటే చదివేస్తారు. జవాబు చెప్పడానికి నన్ను పంపిన రోజున, పదిహేను రోజులు మట్టి తవ్వినట్టు రాసిన ఒక కూలీ పేరు చదవగానే, వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ లేచి, "ఆయన పోయి రెండేళ్లయింది నాయనా" అంది. "రికార్డులు పరిశీలించి తెలియజేయబడును" అని టైపు చేసి తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను.

ఇట్లు,
జవాబులు రాయడమే తప్ప జవాబు చెప్పడం తెలియని
తమ విధేయుడు