దేశం చీలితే గోల్స్ ఎవరి ఖాతాలోకి?

1988 జూన్ 25న మ్యూనిక్‌లో జరిగిన యూరో కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో సోవియట్ యూనియన్ 0-2తో నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. ఆ రోజు ఆట మొదలుపెట్టిన సోవియట్ పదకొండు మందిని చూడండి. డెమ్యానెంకో, లితోవ్‌చెంకో, జవరోవ్, బెలనోవ్, మిఖైలిచెంకో, రాట్స్, ప్రోతసోవ్. ఏడుగురూ నేటి ఉక్రెయిన్‌లోని డైనమో కీవ్ క్లబ్బు ఆటగాళ్లు. అలేనికోవ్, గొత్స్‌మనోవ్ నేటి బెలారస్‌లోని డినమో మిన్స్క్ వాళ్లు. మాస్కో క్లబ్బుకు ఆడేవాళ్లు ఇద్దరే: గోల్‌కీపర్ దసాయెవ్, డిఫెండర్ ఖిదియతుల్లిన్. కోచ్ లొబనోవ్‌స్కీదీ కీవే. అయినా రికార్డుల్లో ఆ రన్నరప్ స్థానానికి వారసురాలు రష్యా.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా చూసేది దేశాన్నీ కాదు, ఆటగాళ్లనూ కాదు. సభ్యత్వం ఏ ఫుట్‌బాల్ సంఘం పేరున ఉందన్నదే దానికి లెక్క. ఉమ్మడి కుటుంబం విడిపోయాక పట్టా పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పొలం వాళ్లదే అన్నట్టు.

దీనివల్ల పోయేది పరువొక్కటే అనుకుంటే పొరపాటే. 1994 ప్రపంచకప్ క్వాలిఫయర్ల డ్రా న్యూయార్క్‌లో తీసింది 1991 డిసెంబర్ 8న. సోవియట్ యూనియన్ ఇక లేదంటూ బెలవెజా ఒప్పందం మీద సంతకాలు పడిందీ ఆ రోజే! డ్రాలోని సోవియట్ స్థానం రష్యాకు దక్కింది. ఉక్రెయిన్‌కు క్వాలిఫయర్లు ఆడే వీలే లేకపోయింది. దాంతో ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్‌లో పుట్టిన ఓనోప్కో, యురాన్ లాంటివాళ్లు రష్యా చొక్కా వేసుకున్నారు. సలెంకో కథ మరీ విచిత్రం. పుట్టింది లెనిన్‌గ్రాడ్‌లో, పేరు తెచ్చుకున్నది కీవ్‌లో, 1992లో ఉక్రెయిన్‌కు ఒక మ్యాచ్ కూడా ఆడాడు. 1994లో కామెరూన్ మీద ఒక్క మ్యాచ్‌లో 5 గోల్స్ కొట్టింది మాత్రం రష్యాకు.

యుగోస్లావియా లెక్క ఇంకా చిక్కు. ఆ రికార్డులు సెర్బియాకు వెళ్లాయి. 1930 ప్రపంచకప్ మటుకు చూస్తే ఇందులో న్యాయముంది. యుగోస్లావియా సంఘం కార్యాలయాన్ని సెర్బియాలోని బెల్‌గ్రేడ్‌కు మార్చారని అలిగి క్రొయేషియాలోని జాగ్రెబ్ ఆటగాళ్లు ఆ ప్రపంచకప్‌కు వెళ్లలేదు. సెమీస్ చేరింది సెర్బ్ ఆటగాళ్ల జట్టే. 1962 ప్రపంచకప్ నాటి నాలుగో స్థానం సంగతి వేరు. ఆ జట్టుకు గోల్స్ పండించిన యెర్కోవిచ్ డినమో జాగ్రెబ్ ఆటగాడు. 1990లో క్రొయేషియా జట్టుకు కోచ్ అయ్యిందీ ఆయనే. ఒకే ఖాతాలో ఇలా రెండు నిజాలున్నాయి.

దేశం లేకుండా పోయినప్పుడు దాని ఖాతాను అక్కడితో మూసేయడమే మేలని నా అభిప్రాయం. తూర్పు జర్మనీ విషయంలో జరిగింది అదే. 1974లో హాంబర్గ్‌లో పశ్చిమ జర్మనీని 1-0తో ఓడించిన స్పార్‌వాసర్ గోల్ ఇప్పటికీ తూర్పు జర్మనీ పేరుమీదే ఉంది. 1990 సెప్టెంబర్‌లో బెల్జియంపై ఆ జట్టు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో రెండు గోల్సూ కొట్టిన జామెర్, 1996లో ఏకీకృత జర్మనీతో యూరో గెలిచాడు. ఆ రెంటినీ ఎవరూ ఒక ఖాతాలో కలపలేదు.